మళ్ళీ చెప్పండి

బస్సెక్కితే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, కాలు నేలకు నొక్కిపెట్టి మనసులోనే బ్రేకులు వేస్తూ వెళ్ళే రకం నేను. అటువంటివాణ్ణి, 2018 అక్టోబరులో, దసరా వెళ్ళిన మరుసటి వారం, నాలుగు సీట్ల చిన్న విమానంలో మా పెద్దమ్మాయి పక్కన కూర్చుని శాన్‌ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ విమానాశ్రయంలో దిగాను. విమానం నడిపింది మా అమ్మాయే. దిగాను అని ఒక్క ముక్కలో అనేశాను గాని, మొదటిసారి దిగలేదు. రెండోసారి దిగాం. ఆ మధ్యలో జరిగింది ఈ వారం మీతో చెప్పుకోవాలని ఉంది.

మా అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియాలో శాన్‌హోసే ఊళ్ళో ఉంటారు. ఆ ఏడాది మేమిద్దరం ఆర్నెల్లు ఉందామని వెళ్ళాం. వెళ్ళిన నాలుగోనాడు గాని తెలియలేదు, మా అమ్మాయి విమానం నడపడం నేర్చుకుందని. ఫోనులో చెప్తే వాళ్ళమ్మ నిద్రపోదని దాచిందట. చెప్పకపోవడమే మంచిదయింది. చెప్పిన రాత్రి నుంచి మా ఆవిడ నిజంగానే నిద్రపోలేదు.

"ఉద్యోగం చేసుకుంటున్నావు, కారు నడుపుతున్నావు, చాలదుటే?" అంది.

"కారు నేలమీదే పోతుంది గదమ్మా!" అంది మా అమ్మాయి.

అక్కడ ఇది మనం అనుకునేటంత రాజాలకూ జమీందార్లకూ చెందిన విద్య కాదు. 17 ఏళ్ళు నిండి, వైద్యపరీక్షలో నెగ్గి, తక్కువలో తక్కువ 40 గంటలు ఆకాశంలో శిక్షణ పొంది, పరీక్షలు ప్యాసయితే సొంతంగా నడుపుకునే లైసెన్సు ఇస్తారు. మా అమ్మాయికి 70 గంటలు పట్టిందట. ఆ లైసెన్సుతో కూలికి విమానం తోలకూడదు. బంధువుల్నీ స్నేహితుల్నీ ఎక్కించుకోవచ్చు. పెట్రోలు ఖర్చులో ఎవరి వంతు వారు వేసుకోవచ్చు. విమానం సొంతానికి కొనాలని కూడా లేదు. టాక్సీలా గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది. మేమెక్కింది సెస్నా 172. ఆ రకం తయారీ 1956లో మొదలయింది, ఇప్పటికి 44 వేలకు పైగా చేశారు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 36 అడుగులు. మనుషులతోనూ పెట్రోలుతోనూ కలిపి అంతా 1,157 కిలోలకు మించకూడదు. అందుకని మా అమ్మాయి బయల్దేరే ముందు నా బరువు అడిగింది. నేను 70 అన్నాను. మా ఆవిడ 76 అంది. మా అమ్మాయి 76 వేసుకుంది.

మా ఆవిడ మాత్రం ఎక్కనంది. అల్లుడితో కారులో వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో మమ్మల్ని కలుసుకుంటానంది. కాని బయల్దేరే ముందు చేతిసంచీలోంచి ఒక నిమ్మకాయ తీసి చక్రం కింద పెట్టబోయింది. అప్పటికి మా అమ్మాయి చేతిలో ఒక అట్ట పట్టుకుని, అందులో రాసినవి ఒక్కొక్కటే చదువుతూ, విమానం చుట్టూ తిరిగి తడిమి చూస్తోంది. పెట్రోలు ట్యాంకు మూత, రెక్క వెనక పలకలు, చక్రాల గాలి, నూనె. ఎన్నిసార్లు నడిపినా సరే, అట్ట చూసి చదివే చేయాలట, జ్ఞాపకం మీద చేయకూడదట. తల్లిని చూసి, "అమ్మా, చక్రం కింద ఏమీ ఉండకూడదని ఇందులో రాసి ఉంది" అంది. నిమ్మకాయ తిరిగి సంచీలోకి వెళ్ళింది. విభూతి పొట్లం మాత్రం నా జేబులోకి వచ్చింది.

అసలు అంత పెద్ద విమానాశ్రయానికి ఇంత చిన్న విమానం ఎందుకు, వెళితే ఊరుకుంటారా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. అక్కడి న్యాయం ఏమిటంటే, ముందు వచ్చినవారికి ముందు. నలుగురు కూర్చునే విమానమైనా, నాలుగు వందల మంది కూర్చునేదైనా వరసలో నిలబడే హక్కు ఒకటే. కాకపోతే అంత రద్దీ చోటికి, నేర్చుకుంటున్న విద్యార్థులు ఒంటరిగా రాకూడదు. కనీసం పూర్తి లైసెన్సు ఉండాలి. దాని చుట్టూ ఉన్న ఆకాశంలో అడుగుపెట్టే ముందు, "లోపలికి రావచ్చు" అని కంట్రోలరు నోటి వెంట స్పష్టంగా వినాలి. వినకుండా గీత దాటితే లైసెన్సుకే ముప్పు. దిగినందుకు రుసుం కూడా బాగానే ఉంటుంది. మా అమ్మాయికి ఎన్నాళ్ళనుంచో కోరిక. నాన్న అమెరికాలో మొదట అడుగుపెట్టిన చోటే, తన చేతులమీదుగా మళ్ళీ దింపాలని. ముందుగా ఫోను చేసి కనుక్కుని, రద్దీ కాస్త తగ్గే వేళ చూసి బయల్దేరదీసింది.

రీడ్-హిల్‌వ్యూ అనే చిన్న విమానాశ్రయంలో లేచాం. లేచిన పది నిమిషాలూ నేను కళ్ళు తెరవలేదంటే మీరు నవ్వకండి. తెరిచేసరికి కింద ఉప్పుమళ్ళు. సముద్రపు పాయ ఒడ్డున ఎర్రగా, గులాబీ రంగుగా, పచ్చగా, మా అత్తవారింటి పెరట్లో ఆరేసిన చీరల్లా ఉన్నాయి. చెవులకు పెట్టుకున్న తొడుగుల్లో రేడియో మాట్లాడుతూనే ఉంది.

ఆ రేడియో సంగతి చెప్పాలి. ఒకే వరసమీద పదిమంది పైలట్లూ, ఒక కంట్రోలరూ. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు మాట్లాడేందుకు లేదు. కంట్రోలరు చెప్పిన ప్రతి ముఖ్యమైన మాటనూ పైలటు తిరిగి అప్పజెప్పాలి. మన వేదపాఠశాలలో గురువుగారు చెప్పింది శిష్యుడు సంత చెప్పుకున్నట్టే. తప్పు అప్పజెబితే అక్కడికక్కడే దిద్దుతారు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. నచ్చని పద్ధతి ఒకటి వెంటనే ఎదురయింది.

కంట్రోలరు గబగబా ఒక పెద్ద వాక్యం చదివాడు. ఇంగ్లీషు నాకు రాకపోలేదు గాని, అందులో నాకు అర్థమైనవి అంకెలు రెండు. మా అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "మళ్ళీ చెప్పండి, ఏ రన్‌వే?" అని అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. పదిమంది పెద్ద పెద్ద కెప్టెన్లు వింటున్నారు. ఆడపిల్ల, చిన్న విమానం, అందులో ఇంగ్లీషు మన యాస. సరిగా వినొచ్చు గదా అనుకున్నాను. కంట్రోలరు ఏమీ విసుక్కోకుండా, "28 కుడి" అని మళ్ళీ చెప్పాడు. అమ్మాయి "28 కుడి" అని అప్పజెప్పింది.

ఆ ఊళ్ళో 28 అనే పేరుతో పక్కపక్కనే రెండు రన్‌వేలు ఉన్నాయి, ఎడమది, కుడిది. రెండింటి మధ్య దూరం 750 అడుగులు. అప్పట్లో పెద్ద విమానాలు రెండు జతగా, జోడెద్దుల్లా, ఒకేసారి దిగుతుండేవి. అందుచేత ఎడమా కుడీ అన్నది అక్కడ చిన్న మాట కాదు. ఇది నాకు తరవాత తెలిసింది.

ఇంకో నిమిషానికి కంట్రోలరు, "వెనక పెద్ద విమానం వస్తోంది, 130 నాట్ల వేగం ఉంచగలరా?" అన్నాడు. పెద్ద విమానాలు దిగేటప్పుడు కూడా గంటకు 250 కిలోమీటర్ల పైన పోతాయి. మాది దిగేది 120 కిలోమీటర్లకు. ఎద్దుబండి వెనక మెయిలు వస్తున్నట్టన్నమాట. నేను మనసులో, సరే అనమ్మా, పాపం అడుగుతున్నాడు, అనుకుంటున్నాను. మా అమ్మాయి, "వీలుకాదు. 110 ఉంచగలను" అంది.

మళ్ళీ నాకు సిగ్గు. పెద్దమనిషి అడిగితే మొహమ్మీద వీలుకాదనడమా! కంట్రోలరు మాత్రం "సరే, 110" అని, వెనకవాణ్ణి కాస్త పక్కకు తిప్పి దూరం పెంచాడు. అంతే. ఎవరికీ కోపం రాలేదు.

వంతెన దాటాం. ఎదురుగా రన్‌వే కొస నీళ్ళలోంచి మొదలవుతుంది. నేల కనబడదు, నీళ్ళే పైకి వస్తున్నట్టుంటుంది. మా ముందు ఒక పెద్ద విమానం దిగుతోంది. "దాని వెనక సుడిగాలి ఉంటుంది, జాగ్రత్త" అని కంట్రోలరు హెచ్చరించాడు. పెద్ద పడవ పోయిన వెనక కాలవలో అలలు లేచి చిన్న దోనెను ఊపేస్తాయి చూడండి, అలాగే పెద్ద విమానం రెక్కల కొసలనుంచి రెండు సుడులు బయల్దేరి, మెల్లిగా వెనక్కీ కిందికీ దిగుతాయి. కంటికి కనిపించవు. చిన్న విమానం దాంట్లో పడితే బోర్లా తిప్పేయగలవు. అందుకే చిన్న విమానం, పెద్దది వచ్చిన దారికంటె ఎత్తుగా వచ్చి, అది నేల తాకిన చోటు దాటాక తాకాలి. ఆ రన్‌వే పొడుగు 11,870 అడుగులు కాబట్టి చోటుకు లోటు లేదు. ఇదంతా మా అమ్మాయి ముందే చెప్పి ఉంచింది. అన్నంత ఎత్తులోనే వస్తోంది కూడా. కాని ఇంతసేపూ వెనకవారి కోసం వేగంగా వచ్చి, ఇప్పుడు తగ్గించాలి గదా. ఆ తగ్గించడంలో కాస్త కిందికి జారింది.

ఎడమ రెక్క చటుక్కున వాలింది. కుర్చీ కింద ఎవరో కోడు లాగేసినట్టు. అరక్షణం. అమ్మాయి రెక్క సరిచేసింది, చేయి ముందుకు తోసింది, ఇంజను గట్టిగా అరిచింది, మేము మళ్ళీ పైకి లేస్తున్నాం. "దిగడం లేదు, చుట్టు తిరిగి వస్తాను" అని మామూలు గొంతుతో రేడియోలో చెప్పింది. కంట్రోలరు కూడా అంత మామూలుగానే, ఎటు తిరగాలో, ఎంత ఎత్తులో ఉండాలో చెప్పాడు. ఆమె అప్పజెప్పింది.

నా చెయ్యి జేబులో విభూతి పొట్లం మీద ఉంది. "ఏమయిందమ్మా? తప్పయిపోయిందా?" అన్నాను.

"ఒక తప్పయింది నాన్నా, కాస్త కిందికొచ్చాను. దిగుంటే రెండో తప్పయ్యేది" అంది.

నీళ్ళమీదుగా ఒక చుట్టు తిరిగాం. మళ్ళీ వరసలో నిలబడ్డాం. ఈసారి ఎత్తుగా వచ్చి, ముందు దిగిన విమానం చక్రాలు తాకిన చోటు దాటించి, ఎప్పుడు తాకిందో నాకు తెలియకుండా తాకించింది. రన్‌వే ఖాళీ చేసి పక్కదారిలోకి తిరగ్గానే రేడియోలో కొత్త గొంతు ఒకటి దారి చెప్పడం మొదలుపెట్టింది. ఇరుపక్కలా నాలుగంతస్తుల మేడలంత విమానాలు. వాటి మధ్యనుంచి మేము, ఏనుగుల సంతలో మేకపిల్లలా, బుడుబుడుమని వెళ్ళి ఒక మూల ఆగాం. మా ఆవిడా అల్లుడూ అప్పటికే వచ్చి కూర్చున్నారు. "మామయ్యగారూ, మేమే ముందొచ్చాం!" అన్నాడు అల్లుడు సంతోషంగా. రెండుసార్లు వచ్చామని మేమెవరం చెప్పలేదు.

కాఫీ తాగుతూ మా అమ్మాయిని మెల్లిగా అడిగాను. "అంతమందిలో మళ్ళీ చెప్పండి అనడానికి నీకు నామోషీ అనిపించదూ?"

అప్పుడు రెండు సంగతులు చెప్పింది. రెండూ అక్కడి ప్రభుత్వ విచారణల్లో రికార్డయినవే.

1990 జనవరి 25 రాత్రి కొలంబియా దేశం నుంచి 158 మందితో అవియాంకా విమానం ఒకటి న్యూయార్కు వచ్చింది. వాతావరణం బాగాలేక, రద్దీ పెరిగి, దాన్ని మూడుసార్లు గాలిలో తిప్పారు. అంతా కలిపి గంటా 17 నిమిషాలు. పెట్రోలు అయిపోవస్తోంది. పెట్రోలు తగ్గుతోందన్నారు, మాకు ముందు చోటివ్వమన్నారు. కాని "ప్రమాదస్థితి" అనే ఒక్క మాట అనలేదు. ఆ మాట అని ఉంటే దారంతా ఖాళీ చేసేవారు. మొదటిసారి దిగబోయి కుదరక పైకి లేచారు. అప్పుడు కూడా ఆ మాట అనలేదు. రెండోసారికి పెట్రోలు లేదు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగి, కోవ్‌నెక్ అనేచోట కొండవాలు మీద పడింది. 73 మంది పోయారు.

రెండోది మేము కూర్చున్న చోటే, అంతకు ముందటి ఏడాది, 2017 జూలై 7 అర్ధరాత్రి కావస్తుండగా జరిగింది. ఆ రాత్రి ఎడమ రన్‌వే మూసి దీపాలార్పేశారు. టొరంటో నుంచి వచ్చిన ఎయిర్ కెనడా విమానం, వెలుగుతున్న కుడి రన్‌వేను ఎడమదనుకుని, దాని పక్కనున్న దారిని రన్‌వే అనుకుంది. ఆ దారిలో నాలుగు విమానాలు ప్రయాణీకులతో నిండి బయల్దేరడానికి వరసగా నిలబడి ఉన్నాయి. పైలట్లకు ఏవో దీపాలు కనిపించి, రన్‌వే ఖాళీగా ఉందా అని అడిగారు. కంట్రోలరు ఖాళీయే అన్నాడు. రన్‌వే నిజంగా ఖాళీయే. వీళ్ళు వస్తున్నది రన్‌వే మీదికి కాదు. అయినా వాళ్ళకు మనసొప్పలేదు. ఇంజను పెంచి పైకి లేచారు. నేలకు 60 అడుగుల దాకా వచ్చి లేచారు. ఆ ఐదు విమానాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా జనం. తప్పు చేసినవాళ్ళే, అనుమానం వచ్చాక మొండికెయ్యకుండా లేచిపోబట్టి, అందరూ ఇళ్ళకు వెళ్ళారు.

"మొదట్లో నాకూ నామోషీగానే ఉండేది నాన్నా" అంది మా అమ్మాయి. "అర్థంకాకపోయినా సరేననేదాన్ని. మా ఇన్‌స్ట్రక్టరు మూడు నెలలు కష్టపడి ఆ అలవాటు మాన్పించాడు. మళ్ళీ చెప్పండి, వీలుకాదు, దిగడం లేదు. ఈ మూడు మాటలూ నోరు తిరిగేదాకా ఒంటరిగా పంపనన్నాడు. ఈ అలవాటు నీకెక్కడ అంటుకుందని అడిగేవాడు."

"ఏం చెప్పావు?" అన్నాను.

కప్పులోకి చూసి నవ్వింది. ఏమీ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు.

ముప్ఫయ్యేళ్ళకు పైగా లెక్కల మేష్టరు ఉద్యోగం చేశాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి నా దగ్గరే చదివింది. ఒకరోజు రేఖాగణితం చెబుతుంటే లేచి నిలబడి, "మళ్ళీ చెప్పండి మేష్టారూ" అంది. క్లాసులో నన్ను మేష్టారూ అనాలని మా ఇంటి నియమం. "పంతులు కూతురివి, నీకూ రెండోసారి చెప్పాలిటే? చెవులు ఇంట్లో మరచివచ్చావా?" అన్నాను. క్లాసంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఏడాది ఇంకెవరూ ఆ క్లాసులో మళ్ళీ చెప్పండి అని అడగలేదు. నా పాఠం అంత బాగా అర్థమవుతోందని చాలా రోజులు పొంగిపోయాను కూడా. అర్ధసంవత్సరం పరీక్షలో సగం మంది తప్పారు. పిల్లల్లో శ్రద్ధ తగ్గిపోయిందని హెడ్‌మాస్టరు గారితో ఫిర్యాదు చేశాను.

ఒక క్లాసు పిల్లలనందర్నీ గాలిలో తిప్పి తిప్పి, అడగటానికి నోరు లేకుండా చేసి, పెట్రోలు అయిపోయాక పడిపోయారేమర్రా అని తిట్టానన్నమాట. ఇది తెలియడానికి నేను ఇన్ని వేల మైళ్ళు వెళ్ళి, విభూతి పొట్లం పట్టుకుని, 36 అడుగుల రెక్కల కింద కూర్చోవలసి వచ్చింది.

ఆ మాట మా అమ్మాయితో అక్కడే అనాలనుకున్నాను. తండ్రిని గదా, నోరు రాలేదు. వీలుకాదు అనడం నాకు ఇంకా రాదు, తప్పయింది అనడం అసలే రాదు. తిరుగు ప్రయాణానికి విమానంలో ఎక్కుతున్నప్పుడు మాత్రం, "ఆ రెక్క సంగతి, గాలి సుడి సంగతి, నాకు సరిగ్గా అర్థంకాలేదు. మళ్ళీ చెప్పమ్మా" అన్నాను. నా వంక ఒకసారి చూసింది. మొదటినుంచీ చెప్పింది. నేను సంత చెప్పుకున్నాను. రెండుచోట్ల తప్పు అప్పజెబితే దిద్దింది.

ఇంటికి వచ్చాక సాయంకాలాలు మా వీధి పిల్లలు నలుగురికి లెక్కలు చెబుతున్నాను. మొదటిరోజున లెక్క చెప్పను. మళ్ళీ చెప్పండి అని అడగటం నేర్పుతాను. గోడ దద్దరిల్లేలా అనిపిస్తాను. వాళ్ళ తల్లులకు ఇదేం చదువో అంతుపట్టడం లేదు.

మా ఆవిడకు మాత్రం లాభించింది. ఆవిడ బజారు పద్దు చెబుతుంటే నలభయ్యేళ్ళుగా ఊఁ కొట్టి, సగం మరచి వస్తున్నవాణ్ణి, ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటే తిరిగి అప్పజెబుతున్నాను. కందిపప్పు కిలో, చింతపండు అరకిలో, బెల్లం వీలుకాదు, మధుమేహం. ఆఖరుదానికే ఇంకా మా ఇద్దరికీ పేచీ.